విషాద నాయిక: మార్చబడిన ముగింపులు

(ఉద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘము వారి సభలో చేయబడిన ప్రసంగపాఠము)



నాటకము చూచి ఇంటికి మరలివచ్చునప్పుడు ప్రేక్షకుడు దారిపొడుగునను తలచుకొనునది సాధారణముగా చివరి రంగమునే. మొదటి అంకమున ఎవరెవరు ఏమేమి అనిరో మరచిపోవచ్చును. తెరపడు వేళ రంగస్థలముపై ఎవరు నిలిచియుండిరి, ఎవరు కూలియుండిరి, ఎవరు అచ్చట లేకపోయిరి అనునది మాత్రము మనస్సును విడువదు. అందుచేతనే నాటకకర్తపై ప్రేక్షకులు పెట్టు ఒత్తిడి యంతయు ముగింపు మీదనే పడును. కథలో దుఃఖపడినది స్త్రీ యైనచో ఆ ఒత్తిడి మరింత హెచ్చు. ఆమె చనిపోవలెనా, బ్రదుకవలెనా, క్షమింపబడవలెనా, శిక్షింపబడవలెనా అనునది నాటకకర్త ఒక్కడే స్వేచ్ఛగా నిర్ణయించిన సందర్భములు అరుదు. వేర్వేరు కాలములకును దేశములకును చెందిన కొన్ని నాటకములను ఈ దృష్టితో ప్రక్కప్రక్కన నిలిపి చూచుటయే నేటి ప్రసంగము.

భారతీయ నాటకమున విషాదాంతము లేదను మాటను చాలకాలము అందరును వల్లించుచు వచ్చిరి. అది పూర్తిగా నిజము కాదు. తిరువనంతపురమున టి. గణపతిశాస్త్రిగారు భాసుని పేర 1912 నుండి ప్రకటించిన నాటకములలో ఊరుభంగము కలదు. అందు తొడలు విరిగిన దుర్యోధనుడు ప్రేక్షకుల యెదుటనే కన్నుమూయును. అయినను అది వీరుని మరణము. స్త్రీ విషయమున సంస్కృత నాటకకర్తలు ఇంకను ఎక్కువ జాగ్రత్త వహించిరి. ఇందుకు సాక్ష్యము భవభూతి ఉత్తరరామచరితము.

వాల్మీకి రామాయణమున సీత కథ ఎట్లు ముగియునో తెలుగు ఇంటిలో పుట్టిన పసిబిడ్డకును తెలియును. నిండుసభలో మరల శపథము చేయుమన్నప్పుడు ఆమె చేసినది శపథమే. కాని ఆ శపథము ఆమెను అయోధ్యకు చేర్పలేదు, భూమిలోనికి చేర్చినది. ఆమె జీవితమంతటిలో ఇతరుల ఆజ్ఞగాని, ఇతరుల హితముగాని చూడక తనకు తానుగా చేసిన నిర్ణయము అదియొక్కటే యన్నను తప్పులేదు. ఎనిమిదవ శతాబ్దమునకు చెందిన భవభూతి ఈ కథను నాటకముగా మలచునప్పుడు ఆ ముగింపును అట్లే యుంచలేకపోయెను. విడిచిపెట్టను కూడ లేకపోయెను. అందుచే ఒక చిత్రమైన ఉపాయము పన్నెను. ఏడవ అంకమున వాల్మీకి రచించిన నాటకమును గంగాతీరమున అప్సరసలు ప్రదర్శింతురు. రాముడు ప్రేక్షకుడై కూర్చుండును. సీత గంగలో దూకుటయు, తనను నీలో లీనము చేసికొమ్మని భూదేవిని వేడుకొనుటయు ఆ లోపలి నాటకములో జరుగును. రాముడు మూర్ఛిల్లును. అంతట అరుంధతి నిజమైన సీతను తోడ్కొనివచ్చును, కుటుంబము కలిసికొనును, జనులు నమస్కరింతురు. వాల్మీకి సీత చేసిన తుదినిర్ణయము ఈవిధముగా నాటకములోని నాటకమై, చూచి కన్నీరు తుడుచుకొని లేవదగిన వేడుకగా మారినది.

భవభూతిని నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. ఆయన సీతకు చేసిన న్యాయము వేరొకచోట కలదు. అది మూడవ అంకము, ఛాయాంకమని పేరుగన్నది. పండ్రెండేండ్ల పిమ్మట రాముడు పంచవటికి వచ్చును. భాగీరథి అనుగ్రహముచే సీత ఎవరికిని కానరాకుండ తమసతో కలిసి అచ్చటనే సంచరించుచుండును. రాముడు దుఃఖించుచుండగా ఆమె వినును. అతడు మూర్ఛపోగా చేతితో తాకి బ్రదికించును. స్పర్శను గుర్తించి అతడు వెదకును, ఆమె కనబడదు. అశ్వమేధమునకు సహధర్మచారిణి కలదని రాముని నోట విన్నప్పుడు ఆమె గుండె జల్లుమనును. అంతలోనే ఆ సహధర్మచారిణి తన బంగారు ప్రతిమయేనని తెలిసికొనును. ఒకే రంగమున సీతకు మూడు రూపములు: రాముని మాటలలోని సీత, యజ్ఞశాలలోని బంగారు సీత, ఎవరికిని కనబడక అన్నియు వినుచున్న సీత. ఈ మూడింటిలో మాటలాడునది మూడవదియే. ఆ మాటలు భర్తకు వినబడవు, ప్రేక్షకులకు మాత్రమే వినబడును. లోకమున ఏ నాటకకర్తయు స్త్రీ స్థితిని గూర్చి ఇంతకంటె సూటిగా చెప్పియుండలేదనుట సాహసము కాదు. ఇంత చెప్పిన కవియే ఏడవ అంకమున అందరును కోరినదానిని అందరికిని పంచిపెట్టెను.

సీత లోకమాత, ఆమెయందు అందరికిని గౌరవమే. లోకము గౌరవింపని స్త్రీ నాయిక యైనప్పుడు ముగింపు సంగతి ఏమగును? ఇందుకు దేశదేశములయందు దొరకు కథ ఒకటి కలదు, సవతితల్లి కథ. రాజు ముసలివాడు లేదా దూరమున నుండును. రెండవ భార్య యువతి. మొదటి భార్య కుమారుడు సుందరుడు, సచ్చరిత్రుడు. ఆమె అతనిని వలచును, అతడు తిరస్కరించును. నేరము అతనిపై మోపబడును, తండ్రి విచారింపక దండించును. ఈ కథ గ్రీకుదేశమున ఫేడ్రా కథ, బౌద్ధవాఙ్మయమున తిష్యరక్షిత కథ, తెలుగునాట చిత్రాంగి కథ.

గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ ఈ కథను రెండుమార్లు నాటకముగా వ్రాసెను. మొదటి నాటకమున ఫేడ్రా సిగ్గువిడిచి తానే హిప్పోలిటస్‌తో తన కోరిక చెప్పెననియు, ఆథెన్సు ప్రేక్షకులు దానిని సహింపలేదనియు ప్రాచీనులు తెలిపిరి. ఆ నాటకము నేడు లేదు. క్రీస్తుపూర్వము 428లో రెండవమారు వ్రాసిన నాటకమునకు ప్రథమబహుమానము లభించినది, నిలిచినదియు అదియే. ఇందలి ఫేడ్రా తన వలపును ఎవరికిని తెలియనీయక మూడుదినములు అన్నము మాని మంచమున పడియుండును. దాది గ్రుచ్చిగ్రుచ్చి అడిగి రహస్యమును రాబట్టి, మేలుచేయుదునను భ్రాంతితో దానిని హిప్పోలిటస్ చెవిని వేయును. అతడు మండిపడును. ఫేడ్రా తన కీర్తికి భయపడి ఉరివేసికొనును. పోవుచు పోవుచు అతడే తన్ను చెరచెనని వ్రాసిన పలకను చేతికి కట్టుకొని పోవును.

ప్రేక్షకులు కోరినట్లు నాయికను మర్యాదస్తురాలిని చేయుటలో యూరిపిడీస్ ఆమెను మరింత దుఃఖపాత్రను చేసెను. మొదటి ఫేడ్రా తన కోరికకు తానే కర్త. రెండవ ఫేడ్రా ఆ కోరికకు కూడ కర్త కాదు. నాటకారంభముననే ప్రేమదేవత వచ్చి, తన్ను పూజింపని హిప్పోలిటస్‌ను దండించుటకై ఫేడ్రాను వాడుకొనుచున్నాననియు, ఆమె మంచిదే యైనను చావక తప్పదనియు చెప్పిపోవును. పగ ఒకరిపై, చావు మరియొకరిది. నాటకము సగమగునప్పటికే ఆమె మరణించును. నాటకమునకు పెట్టినది కూడ ఆమె పేరు కాదు, హిప్పోలిటస్ పేరు. చివరకు మరియొక దేవత ప్రత్యక్షమై, పెండ్లి కావలసిన కన్నెలు తమ కురులు కోసి హిప్పోలిటస్‌కు అర్పింతురనియు, ఫేడ్రా వలపు మరుగుపడక పాటలలో నిలుచుననియు వరమిచ్చును. పేరు బయటపడకూడదని ప్రాణము విడిచిన స్త్రీకి దొరికిన వరము ఇది!

ఆ నాటకమునందే హిప్పోలిటస్ కోపముతో స్త్రీజాతి నంతటిని దూషించు ఘట్టము కలదు. సంతానము కొరకు స్త్రీలు ఎందుకు, దేవాలయములలో బంగారమో ఇనుమో సమర్పించి ఎవరి శక్తికొలది వారు బిడ్డలను కొనుక్కొనరాదా అని అతడు వాపోవును. కన్నతండ్రియే కట్నమిచ్చి మరీ కుమార్తెను వదలించుకొనుచున్నాడు గనుక స్త్రీ కీడేనని వాదించును. కట్నము ఇచ్చువానిది గాని పుచ్చుకొనువానిది గాని తప్పు కాక, కట్నమునకు కారణమైన ఆడుబిడ్డది తప్పగుట ఆ యువకుని తర్కము. ఇరువదినాలుగు శతాబ్దములు గడచినను ఈ తర్కము వినబడని ఊరు లేదు. దీనికి సమాధానము తెలుగు నాటకమున దొరకును. అది కొంతసేపటికి.

ఫ్రెంచి నాటకకర్త రాసీన్ 1677లో ఇదే కథను తీసికొన్నాడు. మొదట ఆ నాటకము పేరు ఫేడ్రా హిప్పోలిటసుల జంట పేరు. 1687 నాటి ముద్రణలో ఫేడ్రా పేరు ఒక్కటే నిలిచినది. ఇచ్చట ఆమె సగములో చనిపోదు. భర్త మరణించెనని విని, తానే హిప్పోలిటస్‌తో తన మనస్సు చెప్పును, అనగా ఆథెన్సువారు ఓర్వలేని పని రంగస్థలమునకు తిరిగివచ్చినది. అతడు మరియొక యువతిని ప్రేమించుచున్నాడని తెలిసి అసూయతో దహించుకొనిపోవును. తుదకు విషము త్రాగి, భర్తయెదుట నిజము చెప్పి ప్రాణము విడుచును. గ్రీకు ఫేడ్రా అబద్ధము వ్రాసి మరణించినది, ఫ్రెంచి ఫేడ్రా నిజము పలికి మరణించినది. రెండు సహస్రాబ్దముల దూరము ఈ ఒక్క భేదమున కనబడును. అయితే రాసీనుకును ఒక సంకోచము మిగిలినది. అబద్ధపు నేరము మోపుట రాకుమార్తెకు తగదు, అట్టి నీచబుద్ధి దాసికి తగునని తలచి ఆ పనిని దాదిపై వేసెను. ఈ సంగతి ఆయన పీఠికలో స్వయముగా చెప్పుకొన్నాడు. నాయిక గౌరవము నిలిచినది, దాని వెల దాది చెల్లించినది. పెద్దింటి విషాదములలో పనిమనిషి బ్రదుకు లెక్కకు రాకుండుట ఒక్క ఫ్రాన్సుదేశపు ఆచారము కాదు.

ఇక తిష్యరక్షిత. అశోకావదానమున ఈమె అశోకచక్రవర్తి రాణి. కుణాలుని కన్నులను మోహించి, అతడు నిరాకరింపగా ఆ కన్నులనే పెరికించును. ఇందులో ఆమె మనస్సులోనికి తొంగిచూచు యత్నమే లేదు. కథ కుణాలుని క్షమాగుణమును చాటుటకు పుట్టినది. అతడు ఆమెను క్షమింపుమని తండ్రిని వేడుకొనును, ఆ సత్యబలముచే అతనికి చూపు తిరిగి వచ్చును. అయినను చక్రవర్తి ఆమెను దహింపజేయును. ధర్మాశోకుడని పేరుగన్న రాజును గూర్చి బౌద్ధులే చెప్పుకొన్న కథ ఇది.

చిత్రాంగి కథ తెలుగువారికి సొంతమైనది. నన్నయభట్టారకునిచే భారతము తెనిగింపజేసిన రాజరాజనరేంద్రునికి ఈ కథ అంటగట్టబడినది. చరిత్రలో దీనికి ఆధారము లేదు. ఆ రాజు కుమారుడు చోళసింహాసన మెక్కిన కులోత్తుంగుడు. అయినను రాజమహేంద్రవరమున సారంగధరుని మెట్ట ఉండనే యున్నది. కథను నమ్మినవారు కొండను చూపుదురు, నమ్మనివారు కూడ ఆ కొండను ఆ పేరుతోనే పిలుతురు. పావురమును వెదకుచు సారంగధరుడు చిత్రాంగి మేడకు పోవుట, ఆమె కోరిక, అతని తిరస్కారము, ఆమె అపవాదు, రాజాజ్ఞచే అతని కాలుసేతులు ఖండింపబడుట జనులకు సుపరిచితములు. చేమకూర వెంకటకవి దీనిని కావ్యముగా వ్రాసెను. గురజాడ అప్పారావుగారు యౌవనమున, 1883లో, ఇదే కథను ఆంగ్లమున పద్యకావ్యముగా వ్రాసిరి. బళ్ళారిలో సరసవినోదినీ సభను నడపిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు దీనిని నాటకముగా వ్రాసి, పేరులోనే విషాదమును చేర్చిరి. విషాద సారంగధర తెలుగున తొలి విషాదాంతనాటకమని ప్రసిద్ధి. నేడు కర్ణాటకమున నున్న బళ్ళారిలో ఒక తెలుగు న్యాయవాది, శాస్త్రము కూడదన్నదానిని రంగస్థలమెక్కించుటకు రాజమహేంద్రవరపు కథను ఎన్నుకొనుట గమనింపదగినది.

ఈ కథ చెప్పినవారందరును చిత్రాంగిని ఒకే తీరుగా చూపలేదు. ప్రజలలో బాగుగా వ్యాపించిన ఒక పాఠమున ఆమెకు మొదట చూపబడినది సారంగధరుని చిత్రపటము. ఆ యువకుని వరించి ఆమె పెండ్లికి ఒప్పుకొన్నది. వరుని కత్తికి జరిగిన పెండ్లియైన పిమ్మట గాని, తాను ఆ యువకుని తండ్రికి భార్య నైతినని ఆమెకు తెలియలేదు. ఈ పాఠమును అంగీకరించినచో కథ అంతయు తలక్రిందులగును. ఆమె కొడుకును కోరిన తల్లి కాదు, తనకు చూపబడిన వరుని అడిగిన వధువు. మోసము చేసినవారు వేరు. మోసపోయినది ఆమె. ఆమె చేసిన ఘోరము ఘోరమే, ఒక నిర్దోషి అంగవిహీనుడయ్యెను, దానిని సమర్థించువారు లేరు. కాని ఆ ఘోరమునకు ముందు జరిగిన పటపు మోసముపై ఏ సభలోను విచారణ జరుగలేదు. కచ్చేరీలలో కాలము గడపిన శ్రోతలకు మరియొక లోపము కూడ తోచకమానదు. గ్రీకు రాజు థీసియస్ గాని, రాజరాజనరేంద్రుడు గాని సాక్షినొకనిని పిలువలేదు, నేరము మోపబడినవాని వాఙ్మూలము పరిశీలింపలేదు. ఒక పలక చూచి ఒకరును, ఒక మాట విని ఒకరును ఉత్తరువులు జారీచేసిరి. కథలు చెప్పినవారు ఈ తొందరపాటును తండ్రి దుఃఖముగా చూపి మన్నించి, నేరమంతటిని స్త్రీ ఖాతాలో వేసిరి.

ఈ మూడు కథలకును ఒక విచిత్రమైన సామ్యము కలదు. రథము విరిగి మరణించిన హిప్పోలిటస్‌ను ఆ దేశపు ధన్వంతరి బ్రదికించెననియు, అతడు ఇటలీలో వేరొక పేరుతో దేవుడై వెలసెననియు రోమనులు చెప్పుకొనిరి. కుణాలునికి కన్నులు వచ్చినవి. సారంగధరునికి సిద్ధుని దయచే కాలుసేతులు మొలిచినవని నాథసంప్రదాయకథ. మూడుదేశముల జనులును దుఃఖము సహింపలేక నాయకుని ముగింపును మార్చుకొనిరి. ఫేడ్రాను ఉరినుండి దింపి ప్రాణము పోసినవాడు లేడు. తిష్యరక్షిత బూడిదను నీరు చల్లి లేపినవాడు లేడు. చిత్రాంగికి చూపిన పటమును నిజము చేసినవాడును లేడు. ధర్మవరమువారి గొప్పతనము ఇచ్చటనే కలదు. సిద్ధుని మహిమపై ఆధారపడక, జరిగినది జరిగినట్లు నిలిపి, ప్రేక్షకులను బరువైన గుండెతో ఇంటికి పంపుటకు ఆయన జంకలేదు.

సవతితల్లి కథనుండి కూతురు కథకు వత్తము. తండ్రి కష్టము తీర్చుటకు కూతురు ప్రాణమిచ్చుట మరియొక ప్రాచీనవస్తువు. బంగాళమున మైకేల్ మధుసూదన దత్తు 1861లో వ్రాసిన కృష్ణకుమారి నాటకము ఇట్టిది. ఉదయపురపు మహారాణా భీమసింగు కుమార్తెను తమకిమ్మని జయపురమువారును జోధ్‌పురమువారును కత్తులు దూసిరి. రాజ్యమునకు ముప్పు తప్పించుటకు ఆ పదునారేండ్ల బాలిక చావవలెనని పెద్దలు నిర్ణయించిరి. 1810లో ఆమెకు విషమిచ్చిరి. ఇది కల్పన కాదు, చరిత్ర. తండ్రి, వరులు, మంత్రులు అందరును బ్రదికియుండగా సమస్యకు పరిష్కారమైనది ఆమె యొక్కతే.

రాజపుత్ర యువరాణికి పట్టిన ఈ గతి నూరేండ్లకు గృహస్థుల ఇండ్లకు దిగివచ్చినది. తన కట్నము కొరకు తండ్రి ఇల్లు తాకట్టు పెట్టవలసివచ్చుట చూడలేక 1914 జనవరిలో కలకత్తాలో స్నేహలత యను బాలిక దేహమునకు నిప్పంటించుకొన్నది. ఆ వార్త దేశమంతయు ప్రాకినది. తరువాతి దశాబ్దమున వెలువడిన కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయము చదువునప్పుడు ఆ మంట గుర్తుకు రాకమానదు.

వరవిక్రయము కథను తెలుగువారి యెదుట విస్తరించుట అనవసరము. పురుషోత్తమరావుగారు, భ్రమరాంబ, కుమార్తెలు కాళింది, కమల. అటు సింగరాజు లింగరాజు, ఆయన పిసినిగొట్టుతనము, పెండ్లిళ్ల పేరయ్య మాటకారితనము. వీరి సంభాషణలకు నవ్వని సభ లేదు. బసవరాజునకు కాళిందిని ఇచ్చుటకు వేలరూపాయల కట్నము కుదురును. ఆస్తి కరగిపోవును. కాళింది ప్రాణత్యాగము చేయును. ఇంతవరకు కృష్ణకుమారి కథయే. తండ్రి గండము గడచుటకు కూతురు తప్పుకొన్నది. ఇచ్చటనే నాటకము ముగిసియున్నచో చూచినవారు కన్నీరు పెట్టి, ఎంత త్యాగమని మెచ్చుకొని, మరునాడు తమ కుమారుల బేరములకు కూర్చుండియుందురు. త్యాగమును మెచ్చుకొనుటవలన ఖర్చు లేదు.

నారాయణరావుగారు నాటకమును అచ్చట ఆపలేదు. లింగరాజు సొమ్ము తిరిగి ఈయనన్నాడు. చెల్లెలు కమల ఆ వరునే పెండ్లాడుటకు ఒప్పుకొన్నది. పెండ్లి యైన పిమ్మట అత్తవారింటికి పోనన్నది. వెల యిచ్చి కొన్నది మేము, కొనబడినవాడు వరుడు, కావున కొన్నవారి ఇంటికి కొనబడినదే రావలెను గాని కొన్నవారు పోవుట ఏ వ్యాపారమున కలదని న్యాయస్థానమున వాదించినది. ఇదియే హిప్పోలిటస్ తర్కమునకు సమాధానము. కట్నమిచ్చి వదలించుకొనబడినది స్త్రీ యని అతడనెను, కట్నమునకు అమ్ముడుపోయినది పురుషుడని కమల అన్నది. లెక్క ఒక్కటే, చదివిన తీరు వేరు.

ఇబ్సెన్ నోరాతో కమలను పోల్చుట ఉచితముగా నుండును. 1879 డిసెంబరు 21వ తేదీని కోపెన్‌హేగన్‌లో ప్రదర్శింపబడిన బొమ్మరిల్లు నాటకమున నోరా భర్తను, పిల్లలను విడిచి తలుపు తీసికొని బయటకు పోవును. మరణింపక, క్షమాపణ కోరక పోవును. ఆ తలుపుచప్పుడు ఐరోపా యంతట వినబడినది. వినలేనివారును ఉండిరి. మరుసటి యేడు జర్మనీలో ఆ పాత్ర ధరించవలసిన ప్రసిద్ధనటి, పిల్లలను విడిచిపోవు తల్లిగా నటింపనన్నది. ఇతరులు చేతికివచ్చినట్లు మార్చుటకంటె తానే మార్చుట మేలని ఇబ్సెన్ అయిష్టముతో వేరొక ముగింపు వ్రాసి యిచ్చెను. అందు భర్త ఆమెను పిల్లల గది గుమ్మమువద్దకు తీసికొనిపోగా ఆమె కూలబడును. ముగింపు మార్పుమని కోరినది ఇచ్చట ఒక స్త్రీ యగుట మరువరాదు. నోరాకు మూలమైన లారా కీలర్ జీవితముననైతే తలుపు తెరుచుకొననేలేదు. భర్త ఆరోగ్యము కొరకు చేసిన అప్పు ఆమెను పిచ్చియాసుపత్రి పాలుచేసినది.

నోరా ఇల్లు విడిచినది, కమల ఇల్లు విడువనన్నది. ఉత్తరదేశపు స్త్రీకి భర్త ఇల్లు చెరసాల, తలుపు బయటకు తెరువవలెను. తెలుగు ఆడుబిడ్డకు పుట్టినిల్లే తాను పరాయిదాననని వినుచు పెరిగిన చోటు. ఆ గుమ్మముననే పాతుకొని నిలుచుట ఆమెకు తిరుగుబాటు. పాదములు కదలుటయు, కదలకుండుటయు దేశమునుబట్టి ఒకే పనియగుట ఈ రెండు నాటకములు కలిపి చూచిననే తోచును.

ఈ నాయికల మాటలు పలికినవారెవరు అను ప్రశ్న కూడ మిగిలియున్నది. ఆథెన్సులో ఫేడ్రా వేషము పురుషునిదే. తెలుగునాట స్త్రీపాత్రలకు ప్రాణముపోసిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా, మధురవాణిగా, చింతామణిగా కీర్తి గడించి 1956లో పద్మశ్రీ యందిరి. 1885లో కడపమండలపు సురభిగ్రామమున మొదలైన కుటుంబనాటకసమాజమువారు మాత్రము స్త్రీపాత్రలను తమ ఇంటి స్త్రీలచేతనే ధరింపజేసిరి. పురుషుడు నటించిన స్త్రీ తక్కువది యనుట కాదు. స్థానంవారిని చూచినవారు ఆ మాటను ఒప్పుకొనరు. కాని పురుషుడు వ్రాసి, పురుషుడు పలికి, పురుషులే తీర్పుచెప్పిన చిత్రాంగిలో, పటము చూచి మోసపోయిన క్షణమునకు ఎంత చోటు దొరకియుండునో ఊహింపవచ్చును. 1939లో వరవిక్రయము చలనచిత్రమైనప్పుడు కాళిందిగా తొలిసారి తెరపై కనబడిన బాలిక భానుమతి. 1957లో సారంగధర చిత్రమున చిత్రాంగియు ఆమెయే. నోరెత్తక చనిపోయిన కన్యయు, నోరెత్తి లోకమునకు చెడ్డదైన రాణియు ఒకే నటి ముఖమున కనబడిరి.

వరకట్ననిషేధచట్టము 1961లో వచ్చినది. అయినను వరవిక్రయమునకు పని తీరలేదు. దానిని ప్రదర్శింప నుద్దేశించు సంఘములకు ఒక్క మనవి. నిడివి తగ్గింపవలసివచ్చినప్పుడు హాస్యరంగములను ఉంచి కాళింది రంగములకు కోతపెట్టుట సులభముగా తోచును, సభ నవ్వుచు లేచిపోవును. కాని కమల న్యాయస్థానమున ఏ సొమ్మును చూపి భర్తను కొన్నానన్నదో అది తన కొరకు చెల్లినది కాదు, అక్క కొరకు చెల్లినది. ఆ మాట పలుకునప్పుడు కమల పాత్రధారిణి ఒక్క క్షణమాగినచో, నవ్వుచున్న సభ కూడ ఆగును. ఆ నిశ్శబ్దములో భ్రమరాంబ వేషము ధరించినామె ఎటు చూడవలెనో దర్శకుడు ముందుగనే నిర్ణయించుకొనవలెను.